బ్యాకప్ ఉంది, కానీ పాత సంచికలు లేవు

మన క్లబ్ పాత ఈ-సంచికలు ఎక్కడున్నాయని జూనియర్లు ఈ మధ్య బాగా అడుగుతున్నారు. ఇక దాచడం ఎందుకు, చెప్పేస్తున్నా: మూడేళ్ల సంచికలు పోయాయి. హ్యాకర్లు ఎవరూ రాలేదు, హార్డ్ డిస్క్ కాలిపోలేదు. మన సైటు డిపార్ట్‌మెంట్ సర్వర్‌లో ఒక వర్చువల్ మెషీన్ మీద నడిచేది. వేసవి సెలవులకు ముందు, డిస్క్ నిండిందని ఎవరో పనికిరానివి తీసేస్తూ అప్‌లోడ్స్ ఫోల్డర్ కూడా కొట్టేశారు. ఎవరన్నది ఇప్పుడు అనవసరం. ఆ వారం లాగిన్ అయిన నలుగురిలో నేనూ ఉన్నాను కాబట్టి నేను ఆ సంగతి ఎక్కువ తవ్వలేదు కూడా. సెలవులైపోయి వచ్చి కొత్త సంచిక పెడదామని చూస్తే పాతవి లేవు. అప్పటికే నలభై రోజులు దాటింది.

సర్వర్లు చూసుకునే అన్న దగ్గరికి ఉరికినం.

"బ్యాకప్ ఉంటది గదా అన్నా?"

"ఉన్నది తమ్మీ. రోజూ రాత్రి తీస్తనే ఉన్నం. పద్నాలుగు రోజులయి ఉన్నయ్, ఏది కావాలె?"

పద్నాలుగూ తెరిచి చూశాం. పద్నాలుగూ పక్కాగా ఉన్నాయి, ఒక్కటి కూడా చెడిపోలేదు. పద్నాలుగింటిలోనూ ఆ ఫోల్డర్ లేదు. నలభై రోజుల కింద పోయినదాన్ని పద్నాలుగు రోజుల జ్ఞాపకంలో వెతుకుతున్నాం మరి!

అక్కడ ఎవరూ తమ పని చేయకుండా కూర్చోలేదు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రోజూ "సక్సెస్" అని ఆకుపచ్చ గుర్తు చూపిస్తూనే ఉంది. లేనిదల్లా ఒక్కటే. మొదటి బ్యాకప్ నుంచి తీసి, వేరేచోట, వేరే లెక్క ప్రకారం ఎక్కువ కాలం ఉంచే రెండో కాపీ. ఈ సంచికకు నన్ను కథ రాయమన్నారు. దానికి బదులు ఇది రాస్తున్నాను.

ముందు ఆ పద్నాలుగు రోజుల సంగతి. హైపర్‌వైజర్ దృష్టిలో వర్చువల్ మెషీన్ అంటే కొన్ని ఫైళ్లు మాత్రమే. విఎంవేర్‌లో అయితే వీఎండీకే, హైపర్-వీలో అయితే వీహెచ్‌డీఎక్స్, కేవీఎం మీద నడిచేవాటికి తరచుగా క్యూకౌ2. ఆపరేటింగ్ సిస్టమ్, అప్లికేషన్లు, డేటా అన్నీ ఆ డిస్క్ ఫైల్ లోపలే. పక్కన ర్యామ్ ఎంత, ప్రాసెసర్లు ఎన్ని అని చెప్పే చిన్న కాన్ఫిగరేషన్ ఫైల్ ఒకటి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రాత్రి వచ్చి ఒక్క క్షణం స్నాప్‌షాట్ పెట్టి, ఆ క్షణానికి డిస్క్ ఎలా ఉందో అలా చదివి, వేరే నిల్వలోకి రాసుకుని, స్నాప్‌షాట్ తీసేసి వెళ్లిపోతుంది. (స్నాప్‌షాట్‌నే బ్యాకప్ అనుకునేవాళ్లు మన ల్యాబ్‌లో ఇంకా ఉన్నారు. స్నాప్‌షాట్ అసలు డిస్క్ పక్కనే, అదే స్టోరేజ్ మీద, దాని మీదే ఆధారపడి ఉంటుంది. స్టోరేజ్ పోతే రెండూ కలిసే పోతాయి.)

మొదటి రోజు మొత్తం డిస్క్ కాపీ అవుతుంది. దాన్ని ఫుల్ అంటారు. రెండో రోజు నుంచి మారిన బ్లాకులు మాత్రమే. అవి ఇంక్రిమెంటల్స్. ఏ బ్లాకులు మారాయో హైపర్‌వైజరే లెక్క రాసి ఉంచుతుంది కాబట్టి మళ్లీ మొత్తం డిస్క్ చదవక్కర్లేదు. ఐదో రోజుకు వెనక్కి వెళ్లాలంటే ఫుల్ కావాలి, దాని తర్వాతి ఇంక్రిమెంటల్స్ వరసగా అన్నీ కావాలి. మన ఓరుగల్లు పక్క వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. కాకతీయులు తవ్వించిన గొలుసుకట్టు చెరువుల్లాంటిదే. పై చెరువు కట్ట తెగితే కింద చెరువులన్నిటికీ ముప్పే. ఇంక్రిమెంటల్ గొలుసులో మూడో రోజు ఫైల్ చెడిపోతే, నాలుగు నుంచి ఆ గొలుసులో ఉన్నవేవీ పనికిరావు.

అందుకే మొదటి నిల్వలో గొలుసును పొడవుగా పెంచరు. పద్నాలుగు రోజులో, నెలో పెట్టి, పాతవి కలుపుకుంటూ, తీసేసుకుంటూ పోతారు. ఆ నిల్వ ఉండేది కూడా సర్వర్ పక్కనే, వేగంగా చదవగలిగే డిస్కుల మీద. నిన్న పాడైన మెషీన్‌ను ఈరోజు పొద్దున్నే లేపడం దాని పని, ఆ పనికి అది చాలు. కష్టం ఎక్కడొస్తుందంటే, తప్పు జరిగిన రోజుకూ దాన్ని గుర్తించిన రోజుకూ మధ్య దూరం ఎంతో మనకు ముందే తెలియదు. మాకు నలభై రోజులు పట్టింది.

కొన్నిటికి డెబ్బై ఏళ్లు పడుతుంది. ఇది అతిశయోక్తి కాదు. తెలంగాణలో భూమి తగాదా వచ్చిన ఏ ఇంట్లోనైనా అడగండి, మాట 1954-55 ఖాస్రా పహాణీ దగ్గరికి పోతుంది. హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పటి రికార్డు అది. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పోర్టల్ మారినప్పుడల్లా వర్ధన్నపేట తహసీల్ ఆఫీసు ముందు ఎవరో ఒకరి చేతిలో పాత పహాణీ నకలు కనిపిస్తూనే ఉంటుంది. మా బాపు బీరువాలో కూడా ఒక నకలు ఉంది. ఇంక్ చెదిరి, మడతల దగ్గర చిరిగి. "గిది ఉన్నది కాబట్టే మనం ఉన్నం" అంటాడు. కంప్యూటర్‌లో ఉన్న లెక్క తప్పైనప్పుడు కంప్యూటర్ బయట ఉన్న పాత కాపీయే దిక్కు. ఆ కాపీ పద్నాలుగు రోజులే ఉంటే ఏం లాభం?

సరే, దీన్ని లెక్కలోకి దింపి చూద్దాం. వర్ధన్నపేటలో ఖమ్మం రోడ్డు మీద ఒక నర్సింగ్ హోం అనుకోండి. ఊహే, అక్కడ వెతక్కండి. ఒక సర్వర్ డబ్బా, దాని మీద మూడు వర్చువల్ మెషీన్లు. ఒకటి పేషెంట్ల బిల్లింగ్, ఒకటి ల్యాబ్ రిపోర్టులు, ఒకటి టాలీ. కుదించాక మూడింటి ఫుల్ బ్యాకప్ కలిపి 500 జీబీ. రోజుకు మారేది 25 జీబీ. సంస్థ కంపెనీగా రిజిస్టర్ అయి ఉంటే, కంపెనీల చట్టం 2013 సెక్షన్ 128 ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఏళ్లు ఉంచాలి. 2022 ఆగస్టులో నిబంధనలు మార్చి, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కల బ్యాకప్ రోజూ మన దేశంలోనే ఉన్న సర్వర్ మీద పడాలని కూడా అన్నారు.

రోజువారీ గొలుసును అలాగే 8 ఏళ్లు పెంచుకుంటూ పోతే ఏమవుతుంది? 2,900 పైచిలుకు లంకెలు. రోజుకు 25 జీబీ చొప్పున 73 టీబీ. డబ్బు సంగతి అటుంచండి, 2,900 లంకెల్లో ఒక్కటి తుప్పు పట్టినా దాని తర్వాతివన్నీ పోయినట్టే.

దీనికి పాతకాలం టేపుల రోజుల నుంచి వస్తున్న పద్ధతి ఒకటుంది. ఇంగ్లీషులో గ్రాండ్‌ఫాదర్-ఫాదర్-సన్ అంటారు. తాత, బాపు, కొడుకు అనుకుందాం. వారానికొకటి చొప్పున నాలుగు ఫుల్స్, ఇవి కొడుకులు. నెలకొకటి చొప్పున పన్నెండు, ఇవి బాపులు. ఏడాదికొకటి చొప్పున ఎనిమిది, ఇవి తాతలు. మొత్తం 24 ఫుల్స్. ఒక్కోటి 500 జీబీ అంటే 12 టీబీ. అదీ గరిష్ఠం. ఒకే ఫుల్ ఆ వారానికి కొడుకుగా, ఆ నెలకు బాపుగా రెండు లెక్కల్లోనూ పనికొస్తుంది కాబట్టి నిజంగా అంత కూడా పట్టదు. 73 టీబీ ఎక్కడ, 12 టీబీ ఎక్కడ! పైగా ప్రతిదీ సొంత కాళ్ల మీద నిలబడే ఫుల్. ఒకటి పోతే అదొక్కటే పోతుంది.

మరి పోగొట్టుకునేది ఏమీ లేదా అంటే, ఉంది. మూడేళ్ల కింద మార్చి 17న బిల్లింగ్ ఎలా ఉందో చూడాలంటే కుదరదు. ఆ ఏడాదికి మిగిలిన తాత ఏ తేదీదైతే ఆ తేదీ లెక్కే దొరుకుతుంది. ఏడాదికి ఏ రోజుది ఉంచాలన్నది కూడా అందుకే ఆలోచించి పెట్టుకోవాలి. మన దగ్గర లెక్కల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. అయినా చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ తెలియక జనవరి మొదటి వారానిది ఉంచుతుంది, ఎవరూ ఆ సెట్టింగ్ ముట్టుకోరు కనుక.

మా క్లబ్ సంగతికి ఈ లెక్క వేసి చూశాను. పన్నెండు బాపులు అక్కర్లేదు, ఇద్దరున్నా చాలు. నలభై రోజుల కింది ఫోల్డర్ దొరికేది.

ఇక ఈ రెండో కాపీ ఎలా తయారవుతుంది? దీనికోసం వర్చువల్ మెషీన్‌ను మళ్లీ చదవరు. నడుస్తున్న మెషీన్ మీద రెండోసారి భారం వేయకుండా, మొదటి నిల్వలో ఉన్న బ్యాకప్ నుంచే బ్లాకులు తీసుకుని, అవతలి చోట తన సొంత గొలుసు కట్టుకుంటుంది. ఫుల్స్‌ను కూడా అవతల ఉన్న బ్లాకులతోనే అల్లుకుంటుంది, అందుకే దాన్ని సింథటిక్ ఫుల్ అంటారు. సొంత గొలుసు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. చాలామంది రెండో కాపీ అంటే బ్యాకప్ ఫోల్డర్‌ను రోజూ ఆర్‌సింక్‌తో ఇంకో డిస్క్ మీదికి పంపడం అనుకుంటారు. పైగా అవతల చెత్త పేరుకోకూడదని డిలీట్ ఆప్షన్ కూడా పెడతారు. అప్పుడు మొదటిచోట పదిహేనో రోజుది తీసేస్తే రెండోచోటా తీసేస్తుంది. ఇక్కడ పద్నాలుగు, అక్కడా అదే పద్నాలుగు. డిస్కులు రెండయ్యాయి, జ్ఞాపకం మాత్రం ఒక్కటే.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండో కాపీ మొదటిదాన్నుంచి పుడుతుంది కాబట్టి, మొదటిదాంట్లో ఒక బ్లాక్ అప్పటికే చెడిపోయి ఉంటే ఆ చెడును కూడా భక్తిగా కాపీ చేస్తుంది. అందుకని అప్పుడప్పుడూ అసలు మెషీన్ నుంచి కొత్తగా ఫుల్ తీయాలి, కాపీల చెక్‌సమ్‌లు నెలకోసారి సరిచూడాలి. లైనక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద పెడితే ఫుల్స్ అన్నీ ఉమ్మడి బ్లాకులు పంచుకుని జాగా బాగా ఆదా చేస్తాయి. మంచిదే. కానీ 24 ఫుల్స్ ఒకే బ్లాకును పంచుకుంటుంటే, ఆ బ్లాక్ చెడితే ఇరవై నాలుగూ చెడినట్టే. కాగితం మీద లెక్కకు 24, డిస్క్ మీద ఒక్కటి. ఈ ఆదా చూసి మురిసిపోయి మూడో చోటు మానేయకూడదు.

మూడో చోటు అంటే 3-2-1 సూత్రం. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ పేరు మీద ప్రచారమైంది. డేటావి మొత్తం మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే ఊళ్లో. కంప్యూటర్ కంపెనీ వాళ్లెవరో కాకుండా ఫొటోలు పోతే తట్టుకోలేని మనిషి చెప్పిన మాట కావడం నాకు నచ్చింది. వేరే ఊరు అన్నది ఎందుకో 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో తెలిసింది. ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ తీసుకున్న కొందరు కస్టమర్లు కూడా మునిగారు, ఎందుకంటే వాళ్ల బ్యాకప్ ఉన్నది కూడా అదే భవనంలో.

మన నర్సింగ్ హోం వాళ్లు రెండో కాపీని హన్మకొండలో డాక్టరు గారింట్లో పెడతారనుకోండి. దొంగతనానికి, షార్ట్ సర్క్యూట్‌కు అది చాలు. వానకు చాలదు. 2023 జూలై చివర్లో కురిసిన వానకు వరంగల్, హన్మకొండ కాలనీలు నీళ్లలో మునిగిన సంగతి మనలో చాలామందికి స్వానుభవం. ఆకేరు వాగు పొంగించే మబ్బే భద్రకాళి చెరువునూ నింపుతుంది. ఒకే వానలో తడిసే రెండు ఊళ్లను రెండు చోట్లు అనలేం. కాబట్టి ఇంకో కాపీ హైదరాబాద్ దాకా పోవాలి. అమెజాన్ క్లౌడ్ రీజియన్ 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే ఉంది, చట్టం అడిగినట్టు డేటా దేశంలోనే ఉంటుంది.

పంపడం ఎట్లా? 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉందనుకుంటే 500 జీబీకి 22 గంటలు పడుతుంది, అదీ లైన్ ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే. మొదటి ఫుల్‌ను ఒక హార్డ్ డిస్క్‌లో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కితే గంట, గంటన్నరలో హన్మకొండలో దిగుతారు. ఆ గంటన్నరకు లెక్కేస్తే బస్సు వేగం 740 ఎంబీపీఎస్ పైనే. ఆ తర్వాత రోజుకు 25 జీబీయే కాబట్టి రాత్రి గంటా పది నిమిషాల్లో లైన్ మీదే వెళ్లిపోతుంది. పెద్ద పెద్ద కంపెనీలు కూడా మొదటి కాపీని ఇట్లాగే మోసుకెళ్తాయి. వాళ్లది బస్సు కాదంతే.

ఇంతవరకూ చెప్పింది మరుపు, నిప్పు, నీళ్ల గురించి. ఇప్పుడు పగవాడి గురించి.

2019 మే మొదట్లో మన రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దెబ్బకు ఆగిపోయాయి. అందులో మన ఎన్‌పీడీసీఎల్ కూడా ఉంది. హెడ్డాఫీసు హన్మకొండ, వర్ధన్నపేటలో మా ఇంటి మీటరు బిల్లు వచ్చేది దాన్నుంచే. ఒకరి సిస్టమ్‌లు ఇంకొకరి వాటికి కలిసి ఉండడంతో ఒకచోట అంటుకున్నది అన్నిచోట్లకూ పాకింది. డేటా బ్యాకప్ ఉంది కాబట్టి మళ్లీ లేపుకున్నారు. లేకపోతే ఎవరు ఎంత కట్టారో, ఎవరి బాకీ ఎంతో ఎట్లా తేల్చేవాళ్లో ఊహించుకోండి. మా వీధిలో కట్టిన రసీదు దాచుకునేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు.

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద ఇంకా పెద్ద దాడి జరిగింది. ఐదు సర్వర్లు దెబ్బతిన్నాయి, సుమారు 1.3 టీబీ డేటాను తాళం వేసేశారు. రోజుల తరబడి ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా అన్నీ చేత్తో రాశారు. చివరికి ఈ-హాస్పిటల్ డేటా మొత్తం తిరిగి వచ్చిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఎక్కడి నుంచి? దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి. "బ్యాకప్ సర్వర్ నుంచి" అనేది సగమే, "దాడి తగలని" అన్నది మిగతా సగం. ఇప్పటి రాన్సమ్‌వేర్ ముఠాలు లోపలికి రాగానే అసలు డేటా ముట్టుకోరు. ముందు బ్యాకప్ ఎక్కడుందో వెతుకుతారు. అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికితే బ్యాకప్‌లన్నీ చెరిపేసి, ఆ తర్వాత తాళం వేస్తారు. మీ రెండో కాపీకి కూడా అదే అడ్మిన్, అదే పాస్‌వర్డ్, అదే డొమైన్ లాగిన్ అయితే, వాడి దృష్టిలో అది ఇంకో ఫోల్డర్ మాత్రమే.

అందుకే రెండో కాపీకి రాత మార్చలేని తాళం ఒకటి వేస్తారు. క్లౌడ్‌లో ఆబ్జెక్ట్ లాక్ అని ఉంటుంది. దాన్ని కంప్లయన్స్ పద్ధతిలో 90 రోజులకు పెడితే, ఆ 90 రోజులూ ఆ ఖాతా యజమాని కూడా ఆ ఫైల్‌ను చెరపలేడు. పొరపాటున పెద్ద ఫైల్‌కు పదేళ్లు పెట్టేసి బిల్లు కడుతూ కూర్చున్నవాళ్లు కూడా ఉంటారు కాబట్టి మొదటిసారి చిన్న ఫైల్‌తో చూసుకోండి. సొంత లైనక్స్ సర్వర్ మీదైతే ఫైల్‌కు ఇమ్యుటబుల్ గుర్తు పెట్టి, రూట్ లాగిన్‌ను నెట్‌వర్క్ నుంచి రానివ్వకుండా మూసేస్తారు. అన్నిటికన్నా పాత పద్ధతి, నాకు ఇష్టమైన పద్ధతి, టేప్. టేప్‌ను డ్రైవ్ నుంచి తీసి బీరువాలో పెట్టాక ఏ హ్యాకరూ బీరువా తెరవలేడు. ఎల్‌టీఓ-9 టేప్ ఒక్కదానిలో కుదించకుండానే 18 టీబీ పడుతుంది. మన నర్సింగ్ హోం 12 టీబీ దాంట్లో వేసినా ఇంకా జాగా మిగులుతుంది. కాకపోతే డ్రైవ్ ధర చిన్న సంస్థల వల్ల కాదు, వాళ్లకు రెండు యూఎస్‌బీ డిస్కులు మార్చి మార్చి పెట్టుకోవడమే దారి. ఒకటి తగిలించి ఉన్నప్పుడు రెండోది ఇంటి బీరువాలో. చూడ్డానికి నాటుగా ఉంటుంది, పని చేస్తుంది.

"మా దగ్గర మరీ ఎక్కువ డేటా, దీనికి రెండో కాపీ కుదరదు" అనేవాళ్లకు దక్షిణ కొరియా సంగతి చెప్పాలి. 2025 సెప్టెంబర్ 26న డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల దగ్గర మంటలు పుట్టాయి. వందల ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. వాటిలో చాలావాటికి వేరేచోట కాపీ ఉంది. ప్రభుత్వ ఉద్యోగులు పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌కు లేదు. 858 టీబీ. అంత పెద్దదానికి బయట బ్యాకప్ పెట్టడం కష్టమని పెట్టలేదట. మొత్తం బూడిదైంది. ల్యాప్‌టాప్‌లలో, మెయిళ్లలో, కాగితాల్లో మిగిలిన ముక్కలు ఏరుకున్నారు. ప్రపంచంలోనే టెక్నాలజీలో ముందున్న దేశం ఒకటి, మన క్లబ్ చేసిన తప్పే కొంచెం పెద్ద సైజులో చేసింది.

ఇక కాలం. ఎనిమిదేళ్లు, పదేళ్లు అన్నప్పుడు కాపీ బతికి ఉండడం ఒక్కటే చాలదు, చదవగలగాలి. ఇక్కడ తెలుగు వాళ్లకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తాను, సాహిత్య క్లబ్ పత్రిక కదా. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశాడని ఆయన మనవడు చిన్నన్న చెప్పాడు. అందులో మనకు దక్కినవి సగం కన్నా తక్కువే. దక్కడానికి ముఖ్య కారణం, కొడుకు పెద తిరుమలాచార్యుడి కాలంలో వాటిని రాగిరేకుల మీదికి ఎక్కించి తిరుమల గుడిలో ఒక అరలో దాచడం. శతాబ్దాల పాటు అటువైపు పెద్దగా ఎవరూ చూడలేదు. ఇరవయ్యో శతాబ్దంలో తీసి చూస్తే అక్షరాలు అక్షరాల్లాగే ఉన్నాయి. మాధ్యమం వేరు, చోటు వేరు, ఎవరూ రోజూ ముట్టుకోలేదు. అన్నిటికీ మించి, చదవడానికి కన్ను తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

మన వర్చువల్ మెషీన్ బ్యాకప్‌కు ఆ అదృష్టం లేదు. ఎల్‌టీఓ-9 డ్రైవ్ తన తరం టేపులను, ఒక తరం ముందువాటినీ చదువుతుంది, ఎల్‌టీఓ-7ను చదవలేదు. టేప్ ముప్పై ఏళ్లు ఉండొచ్చు గానీ డ్రైవ్ దొరకాలి కదా. బ్యాకప్ ఫైల్ తెరవడానికి ఆ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కావాలి. ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే పదేళ్ల కింది కీ కావాలి, ఆ కీ పెట్టిన అన్న అప్పటికి ఏ డల్లాస్‌లోనో ఉంటాడు. లేపడానికి హైపర్‌వైజర్ కావాలి. 2023 నవంబర్‌లో విఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేశారు. చాలామంది ప్రాక్స్‌మాక్స్ లాంటి వాటికి మారిపోయారు. వాళ్ల పాత వీఎండీకే తాతలు మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయారు. మార్చుకునే పనిముట్లు ఉన్నాయి, క్యూఈఎంయూ-ఇమేజ్ అందుకు పనికొస్తుంది. కానీ ఎవరో ఒకరు కూర్చుని మార్చాలి.

అందుకని నా మాట ఇది, సీనియర్ అడ్మిన్లు కొందరు ఒప్పుకోరు: రెండు మూడేళ్ల దాకా మెషీన్ మొత్తాన్ని దాచండి. అంతకు మించి దాచాల్సింది మెషీన్‌ను కాదు, దాని లోపలి డేటాను. టాలీ లెక్కలను ఏడాదికోసారి పీడీఎఫ్‌గా, సీఎస్‌వీగా బయటికి తీసి పెట్టండి. డేటాబేస్‌ను మామూలు టెక్స్ట్‌గా దించి పెట్టండి. పదేళ్ల తర్వాత ఆడిటర్‌కు కావాల్సింది ఒక అంకె, అప్పటి విండోస్ సర్వర్ బూట్ అవుతుంటే చూడాలని ఆయనకేం ముచ్చట ఉండదు. ఒప్పుకోనివాళ్ల వాదన కూడా న్యాయమైనదే. డేటా విడిగా తీస్తే దాని చుట్టూ ఉన్న అప్లికేషన్ లెక్కలు పోతాయి, ఏ రిపోర్టు ఎట్లా వచ్చిందో తెలియదు. రెండూ ఉంచుకోగలిగితే రెండూ ఉంచుకోండి.

పరీక్షించడం గురించి అందరూ చెప్తారు, ఎవరూ చేయరు. కాబట్టి గిట్‌ల్యాబ్ కథ ఒక్కటి చెప్పి వదిలేస్తాను. 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీర్ వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను చెరిపేశాడు. సుమారు 300 జీబీ. బ్యాకప్ పద్ధతులు ఐదు ఉన్నాయి, ఐదింటిలో ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు. క్లౌడ్‌లో బ్యాకప్ ఉండాల్సిన బకెట్ ఖాళీ. రోజువారీ డంప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ కుదరక చాలాకాలంగా విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లు కూడా సర్వర్ దగ్గరే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఇంకో పనికోసం అదే ఇంజనీర్ ఆరు గంటల ముందు చేత్తో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బతికారు. తమ తప్పును తామే ప్రపంచం ముందు పెట్టి రాశారు, అందుకే మనకు తెలిసింది.

మన నర్సింగ్ హోంకు నేనైతే ఇట్లా చెప్తాను. మూడు నెలలకోసారి, ఆదివారం మధ్యాహ్నం, రెండో కాపీ నుంచి ల్యాబ్ రిపోర్టుల మెషీన్‌ను నెట్‌వర్క్ తగిలించకుండా వేరే కంప్యూటర్‌లో లేపండి. ఆరు నెలల కిందటి ఒక పేషెంట్ రిపోర్టు తెరవండి. ఎంతసేపు పట్టిందో గోడ మీది క్యాలెండర్‌లో రాయండి. క్లౌడ్‌లో చవకైన డీప్ ఆర్కైవ్‌లో పెట్టుకుంటే ఫైల్ చేతికి రావడానికే 12 గంటల దాకా పట్టొచ్చు, అది కూడా ఆ రోజే తెలుస్తుంది, పేషెంట్ బల్ల మీద ఉన్నప్పుడు కాకుండా.

ఇక మన క్లబ్ సంగతి. ఇప్పుడు సైటు మెషీన్‌కు పద్నాలుగు రోజుల బ్యాకప్ ఎప్పటిలాగే ఉంది. దానికి తోడు వారానివి నాలుగు, నెలవి పన్నెండు ఇంకో భవనంలో ఉన్న పాత కంప్యూటర్‌లోకి పోతాయి. దాని పాస్‌వర్డ్ సైటు నడిపేవాళ్లకు తెలియదు, నాకూ తెలియదు. ప్రతి సంచిక పీడీఎఫ్‌గా, మామూలు యూనికోడ్ టెక్స్ట్‌గా కూడా దించి ఒక చిన్న డిస్క్‌లో వేస్తున్నాం. నెలకోసారి నేను ఇంటికి పోయినప్పుడు ఆ డిస్క్ నాతో వర్ధన్నపేట వస్తుంది. బాపు బీరువాలో, పహాణీ నకలు పక్కన పెడతాను. ఏందిరా ఇది అని అడిగితే మా పహాణీ అని చెప్పాను.

పోయిన మూడేళ్లలో ఇప్పటిదాకా తొమ్మిది సంచికలు దొరికాయి. ఒకటి పాస్ అవుట్ అయిన అక్క మెయిల్‌లో, రెండు ఎవరి పాత ఫోన్ వాట్సాప్‌లోనో, మిగతావి ఒక పెన్‌డ్రైవ్‌లో సినిమాల మధ్య. ఇంకా చాలా రావాలి. ముఖ్యంగా కథల పోటీ ప్రత్యేక సంచిక, దాని ముఖచిత్రం తప్ప లోపలి పేజీ ఒక్కటీ లేదు. మీ ఫోన్ డౌన్‌లోడ్స్‌లో, అక్కల, అన్నల పాత ల్యాప్‌టాప్‌లలో ఒకసారి వెతకండి. దొరికితే ఉన్నదున్నట్టు పంపండి, పేజీలు తక్కువున్నా సరే. ఫైల్ పేరు మాత్రం మార్చొద్దు, తేదీలు దాన్ని బట్టే పట్టుకుంటున్నాం.